పొలంలో ఇల్లు, దూరంగా గేటు: వైర్‌లెస్ అలారం సరిగ్గా బిగించుకోవడం ఎలా

ఊరికి దూరంగా తోటలోనో పొలంలోనో ఇల్లు కట్టుకున్నవాళ్లందరికీ ఉండే ఇబ్బంది ఇది: గేటు దగ్గరికి ఎవరొచ్చారో ఇంట్లోకి తెలియదు. గేటు నుంచి ఇంటికి వంద మీటర్ల బాట, మధ్యలో మామిడి చెట్లు, ఇంట్లో పెద్దవాళ్లిద్దరే, పిల్లలేమో హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటారు. కుక్క మొరిగితే తెలియాలి, లేదంటే వచ్చిన మనిషి వసారా మెట్లెక్కాక తెలియాలి. నూజివీడు దగ్గర మా అమ్మానాన్నలు ఉండే తోట ఇంటిది ఇదే పరిస్థితి కాబట్టి ఈ వైర్‌లెస్ అలారాల సంగతి పట్టించుకున్నాను, ఆ తర్వాత చుట్టాల ఇళ్లకు కూడా బిగించాను. అడిగినవాళ్లందరికీ ఫోన్లో చెప్పే మాటలే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఈ పనిలో ముప్పావు వంతు సెన్సర్ ఎక్కడ పెట్టాలో చూసుకోవడమే. ఏ కంపెనీది, ఎన్ని ట్యూన్లు ఉన్నాయి, యాప్ ఉందా లేదా అన్నవన్నీ తర్వాత. ఎందుకంటే ఊరికే మోగే అలారాన్ని ఎవరూ ఎక్కువ రోజులు భరించరు. గాలికి మోగి, కుక్కకు మోగి, ఎండకు మోగితే నాలుగు రోజుల్లో ఇంట్లోవాళ్లు దాని ప్లగ్గు పీకేస్తారు, పీకకపోయినా అది మోగినప్పుడు తల ఎత్తి చూడడం మానేస్తారు. అప్పుడు అలారం ఉన్నా లేనట్టే, పైగా ఉందన్న ధైర్యం ఒకటి.

వస్తువు ఏమిటో క్లుప్తంగా. రెండు ముక్కలుంటాయి. బాట దగ్గర పెట్టే సెన్సర్ ఒకటి, సెల్లులతో నడుస్తుంది. ఇంట్లో పెట్టే రిసీవర్ ఒకటి, కరెంటుతో నడుస్తుంది. సెన్సర్ ముందు నుంచి మనిషో బండో కదిలితే అది రేడియో సిగ్నల్ పంపుతుంది, ఇంట్లో రిసీవర్ మోగుతుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు, సిమ్ కార్డు అక్కర్లేదు, ఫోను చూసుకోవాల్సిన పని లేదు. పెద్దవాళ్లున్న ఇంటికి నేను దీన్నే చెప్పడానికి కారణం అదే. కెమెరాతో నాకు గొడవేం లేదు, సిమ్ వేసే సోలార్ కెమెరాలు ఇప్పుడు పల్లెల్లో బాగానే కనిపిస్తున్నాయి, కానీ రాత్రి రెండింటికి ఫోన్లో వచ్చే నోటిఫికేషన్ చూసేది దూరంగా ఉన్న కొడుకో కూతురో తప్ప పక్క గదిలో నిద్రపోతున్న నాన్న కాదు. ఇంట్లో ఉన్న మనిషి చెవికి వినపడాల్సిన సంగతికి అలారమే కావాలి. స్తోమత ఉంటే రెండూ పెట్టుకోండి, ఒకటే అయితే ముందు అలారం.

ఏ రకం తీసుకోవాలి

మార్కెట్లో ఎక్కువగా దొరికేది పీఐఆర్ రకం. మన ఒంటి వేడిని, బండి ఇంజన్ వేడిని గుర్తుపడుతుంది. కరెక్టుగా చెప్పాలంటే వేడిని కాదు, వేడి కదలడాన్ని. ముందున్న తెల్లటి ప్లాస్టిక్ లెన్స్‌ని దగ్గరగా చూడండి, దాని మీద చిన్న చిన్న గళ్లు గళ్లుగా ఉంటుంది. ఒక్కో గడి ముందున్న స్థలంలో ఒక్కో చీలికను చూస్తుంది. వెచ్చటి మనిషి ఒక చీలికలోంచి ఇంకో చీలికలోకి దాటినప్పుడు లోపలి సెన్సర్‌కి తేడా తెలుస్తుంది, అప్పుడే సిగ్నల్ పంపుతుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే బిగించడంలో సగం తప్పులు జరగవు, కింద మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

రెండో రకం బాటకు ఇటూ అటూ రెండు కళ్లు పెట్టి మధ్యలో కంటికి కనపడని కిరణం నడిపేది. ఆ కిరణాన్ని ఎవరు అడ్డుకున్నా మోగుతుంది. ఎండతో, వేడితో పెద్దగా గొడవ ఉండదు, కానీ రెండు వైపులా స్తంభాలు కావాలి, రెండూ ఒకదానికొకటి సరిగ్గా ఎదురెదురుగా ఉండాలి, చాలావాటికి కరెంటు వైరు కూడా లాగాలి. మూడోది భూమిలో పాతిపెట్టే అయస్కాంత రకం, ఇనుము కదిలితేనే పలుకుతుంది కాబట్టి కారు, ట్రాక్టరు వస్తే చెబుతుంది, నడిచొచ్చిన మనిషిని వదిలేస్తుంది. కుక్కలకూ కోతులకూ అసలు మోగదు, అది దాని గొప్ప. అమెరికాలో ఫార్ములున్న చోట బాగా వాడతారు. మనకు మాత్రం రాత్రిపూట భయం నడిచొచ్చేవాళ్లతోనే, అందుకని మామూలు తోట ఇంటికి పీఐఆర్ తీసుకోమనే చెబుతాను.

ఇక రేడియో సంగతి. డబ్బా మీదో కాగితంలోనో ఎన్ని మెగాహెర్ట్జ్ అన్నది రాసి ఉంటుంది, తప్పకుండా చూడండి. మన దేశంలో లైసెన్స్ లేకుండా వాడుకోగలిగినవి 433 దగ్గర తక్కువ పవర్‌వి, 865 నుంచి 868 వరకు ఉన్న బ్యాండ్, 2.4 గిగాహెర్ట్జ్. చెట్ల మధ్యనుంచి సిగ్నల్ రావాలంటే మొదటి రెండూ నయం. 2.4 గిగాహెర్ట్జ్ అంటే వైఫై వాడేదే, పచ్చటి ఆకుల్లో నీళ్లుంటాయి కాబట్టి తోట అడ్డం వస్తే బాగా నీరసపడిపోతుంది. వైఫైతో నడిచే సెన్సర్లు కూడా అమ్ముతున్నారు, అవి ఇంటి తలుపు దగ్గరికి సరిపోతాయి, వంద మీటర్ల అవతల గేటుకి పెట్టాలంటే రౌటర్ అందదు.

అమెరికా నుంచి వచ్చే చుట్టాల చేత తెప్పించుకుందాం అనుకునేవాళ్లు జాగ్రత్త. అక్కడ అమ్మేవాటిలో చాలా భాగం 902 నుంచి 928 మధ్య బ్యాండ్‌లో పనిచేస్తాయి, మన దగ్గర ఆ మేరలోనే సెల్‌ఫోన్ కంపెనీల 900 బ్యాండ్ ఉంది. ఎక్కువ దూరం అందే ఖరీదైన రకాలు కొన్ని 151 నుంచి 154 మెగాహెర్ట్జ్ మధ్య నడుస్తాయి, అది అమెరికాలో లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చు, ఇక్కడ కుదరదు. పైగా కొన్ని అడాప్టర్లు 120 వోల్టులకు మాత్రమే చేసినవి, మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టగానే కాలిపోతాయి. ప్రేమగా తెస్తామన్నా వద్దని చెప్పి ఇక్కడే కొనుక్కోండి.

డబ్బా మీద 300 మీటర్లు, 500 మీటర్లు అని రాస్తారు. అది మధ్యలో చెట్టూ చేమా గోడా ఏదీ లేని ఖాళీ మైదానంలో మాట. మీకు గేటు నుంచి ఇంటికి ఎంత దూరమో ఫోన్ మ్యాప్‌లో కొలిచి, కనీసం అంతకు మూడు రెట్లు రాసి ఉన్నదాన్ని తీసుకోండి. మధ్యలో రేకుల షెడ్డు ఉంటే ఇంకా ఎక్కువే కావాలి, ఎందుకంటే ఇనప రేకు రేడియోని దాటనివ్వదు. ఐపీ65 అని ఉందో లేదో కూడా చూడండి, అంటే దుమ్ము లోపలికి పోదు, గొట్టంతో నీళ్లు కొట్టినా తట్టుకుంటుంది అని. ఐపీ44 అయితే చినుకులకు ఓర్చుకుంటుందే గానీ తుపాను వానకు నమ్మలేం. వీలైతే ఒకటికంటే ఎక్కువ సెన్సర్లు కలుపుకోగలిగే రకం కొనండి, రేపు మోటారు షెడ్డు దగ్గర ఇంకోటి పెట్టాలనిపిస్తుంది, కచ్చితంగా అనిపిస్తుంది.

బిగించేముందు ఇంట్లోనే ఒకసారి

తెచ్చిన రోజే డ్రిల్ మిషన్ తీయకండి. సెల్లులు వేసి, రిసీవర్ ప్లగ్గులో పెట్టి, రెండింటినీ పక్కపక్కన పెట్టి కలపండి. చాలావాటికి రిసీవర్ మీద బటన్ కాసేపు నొక్కి పట్టుకుని, సెన్సర్ ముందు చెయ్యి ఊపితే కలిసిపోతాయి. సెల్లులు వేసిన వెంటనే పీఐఆర్ సరిగా పనిచేయదు, చుట్టుపక్కల వేడికి అలవాటు పడటానికి దానికి ఒకటి రెండు నిమిషాలు కావాలి, ఆ టైములో దానంతట అదే మోగినా, మోగాల్సినప్పుడు మోగకపోయినా కంగారుపడొద్దు. ఇంకొకటి, కొన్ని రకాలు ఒకసారి మోగాక సెల్లు ఆదా కోసం కాసేపు నిద్రపోతాయి. ఆ సంగతి తెలియక పది అడుగులు ముందుకూ వెనక్కూ తిరిగి ‘పనిచేయట్లేదు’ అని వాపసు పంపేవాళ్లున్నారు. కాగితంలో ఆ విరామం ఎంతో చూసుకుని, అంతసేపు సెన్సర్ ముందు నుంచి పక్కకు తప్పుకుని నిలబడి, మళ్లీ నడవండి.

తర్వాత సెన్సర్‌ని గేటు దగ్గర ఏదో ఒక స్తంభానికి బైండింగ్ వైరుతో కట్టేయండి. మేకులొద్దు, స్క్రూలొద్దు, కట్టు చాలు. ఒకరు ఇంట్లో రిసీవర్ దగ్గర ఫోన్ స్పీకర్ పెట్టుకుని కూర్చుంటే, ఇంకొకరు గేటు దగ్గర నుంచి నడుస్తూ ‘ఇప్పుడు’ అంటూ ఉండాలి. బైకు మీద కూడా రండి, కారులో కూడా రండి, నెమ్మదిగానూ వేగంగానూ. అలా కట్టిన చోటే కనీసం ఒక వారం ఉంచండి. పగలూ రాత్రీ, గాలి వీచే రోజూ ఎండ కాసే రోజూ ఎలా ప్రవర్తిస్తుందో ఆ వారంలో తెలిసిపోతుంది. అక్కడ కుదరకపోతే వైరు విప్పి ఇంకో చోట కట్టడం రెండు నిమిషాల పని.

ఎక్కడ, ఎటు తిప్పి

ఇదే అసలు విషయం, కాబట్టి ఓపిగ్గా చదవండి.

చాలామంది సెన్సర్‌ని గేటు స్తంభానికి పెట్టి రోడ్డు వైపు చూసేలా తిప్పుతారు, వచ్చేవాళ్లు ఎదురుగా కనిపిస్తారు కదా అని. రెండు రకాలుగా తప్పు. మొదటిది, రోడ్డు మీద పోయే ప్రతి లారీ, ప్రతి ఆర్టీసీ బస్సు ఇంజన్ వేడితో దాని ముందు నుంచే పోతుంది, రోజంతా మోగుతూనే ఉంటుంది. రెండోది ఇందాక చెప్పిన గళ్ల సంగతి. సెన్సర్‌కి సూటిగా ఎదురుగా నడిచొచ్చే మనిషి ఒకే చీలికలో ఉండిపోతాడు, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దాటడు, అందుకని బాగా దగ్గరికి వచ్చేదాకా దానికి తెలియదు. అదే మనిషి దానికి అడ్డంగా, ఎడమ నుంచి కుడికి దాటితే ఠక్కున పట్టుకుంటుంది.

కాబట్టి గేటు దాటి లోపలికి పది పదిహేను అడుగులు వచ్చాక, బాట పక్కన పెట్టి, బాటకు అడ్డంగా చూసేలా తిప్పండి. రోడ్డు దాని చూపులో పడకూడదు. బాట సన్నగా ఉన్న చోటు, ఇటూ అటూ కంచెనో కాలవనో ఉండి మనిషి పక్కనుంచి పోవడానికి వీల్లేని చోటు దొరికితే అంతకంటే మంచిది లేదు. బాట అవతలి పక్కన గోడో మట్టి గట్టో ఉంటే ఇంకా బాగు, చూపు అక్కడితో ఆగిపోతుంది, అవతల తోటలో తిరిగే గేదె దీనికి కనపడదు.

దిక్కు కూడా చూసుకోవాలి. తూర్పుకో పడమరకో తిప్పితే పొద్దున్నో సాయంత్రమో ఎండ నేరుగా లెన్స్ మీద పడి, మబ్బు వచ్చి పోయినప్పుడల్లా మోగుతుంది. ఉత్తరం వైపు చూసేలా పెట్టడం అన్నిటికంటే మేలు, కుదరకపోతే దక్షిణం. మన బాట ఏ దిక్కుకు ఉంటే దానికి అడ్డంగా పెట్టాలి కదా అంటారేమో, నిజమే, అప్పుడు బాటకు కుడి పక్కన పెట్టాలా ఎడమ పక్కన పెట్టాలా అన్నదైనా మన చేతుల్లో ఉంటుంది. రెండు పక్కలా ఎండే అయితే గొట్టం వాడండి. నాలుగు అంగుళాల పీవీసీ పైపు ముక్క ఒక జానెడు కోసి, సెన్సర్‌ని దాని లోపల వెనక్కి కూర్చోబెట్టండి. ఎండ తగ్గుతుంది, వాన జల్లు తగ్గుతుంది, చూపు కూడా సన్నబడి మనకు కావలసిన అంత మేరే చూస్తుంది. పైపు అడుగున ఒక చిన్న రంధ్రం పెడితే లోపల నీళ్లు నిలవవు. తెల్ల పైపు దూరానికే కనపడుతుంది కాబట్టి బయట వైపు మట్టి రంగు పూయండి. లెన్స్‌కి మాత్రం రంగు తగలకూడదు, పూత పడితే వేడి కిరణాలు లోపలికి పోవు. గాజు కూడా వాటిని ఆపేస్తుంది, అందుకని కిటికీ అద్దం వెనక పెడదాం, వాన తగలదు అన్న ఆలోచన వద్దు.

అరటి చెట్ల వైపు అస్సలు తిప్పకండి. ఎండకు కాగిన అరటాకు గాలికి ఇటూ అటూ ఊగుతుంటే సెన్సర్‌కి అది మనిషి నడిచినట్టే ఉంటుంది. కొబ్బరి మట్టలూ అంతే. ముందు పది అడుగుల మేర కొమ్మలు, గడ్డి కొట్టేసి శుభ్రంగా ఉంచాలి.

ఎత్తు మూడున్నర, నాలుగు అడుగులు బాగుంటుంది, మనిషి నడుముకూ ఛాతీకీ మధ్య. ఈ ఎత్తులో నడిచే మనిషి, బైకు, కారు బానెట్ అన్నీ చూపులో పడతాయి. కుక్కలు, కోళ్లు, మేకలు తిరిగే చోటైతే ఇంకో అడుగు పైకి జరిపి, సెన్సర్‌ని కిందికి వంచకుండా నేలకు సమానంగా చూసేలా ఉంచండి. అయినా కుక్కకు మోగుతుంటే ఒక ఉపాయం ఉంది, నాకు ఎంతో నచ్చినది ఇదే: లెన్స్ కింది భాగం మీద, మూడో వంతు మేర, నల్ల ఇన్సులేషన్ టేపు అంటించండి. కింది వరస గళ్లు నేల దగ్గరి మేరను చూస్తాయి, వాటిని మూసేస్తే నేల మీద తిరిగేవి కనపడటం మానేస్తాయి, నిలువుగా నడిచే మనిషి మాత్రం కనపడుతూనే ఉంటాడు. ఒకేసారి ఎక్కువ అంటించకుండా సన్నటి పట్టీలుగా ఒక్కోటీ వేసి, ఒక్కోసారీ నడిచి చూసుకోండి. పక్కన అక్కర్లేని చూపును మూయడానికి కూడా ఇదే పద్ధతి.

మన ఎండల సంగతి విడిగా చెప్పాలి, కాగితాల్లో దీని గురించి సరిగా రాయరు. రెంటచింతల, రామగుండం, ఖమ్మం లాంటి చోట్ల మే నెలలో వేడి ఎలా ఉంటుందో తెలుసు. మనిషి ఒంటి పై వేడి 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. వెనకనున్న గోడ, నేల కూడా సరిగ్గా అంతే వేడిగా ఉన్న సమయంలో సెన్సర్‌కి మనిషికీ గోడకీ తేడా తెలియదు. అది మిట్టమధ్యాహ్నం అనుకుంటాం గానీ, అప్పుడు నేల యాభై డిగ్రీలు దాటి కాగుతుంటే మనిషే చల్లగా కనపడతాడు, ఆ తేడాతోనైనా మోగుతుంది. ఇబ్బందల్లా పొద్దుగూకాక, నేల చల్లారుతూ 34, 35 దగ్గరికి దిగే ఆ గంటా రెండు గంటల్లో. అందుకే వేసవిలో సాయంత్రం పూట ఒకసారి నడిచి పరీక్ష చేయండి, సెన్సిటివిటీ మీట ఉంటే వేసవికి కాస్త పెంచి, చలికాలం మళ్లీ తగ్గించండి. బండ్ల విషయంలో ఈ గొడవ లేదు, సైలెన్సర్ వేడి ఎప్పుడైనా తెలిసిపోతుంది.

బిగింపు, చీమలు, కోతులు

చోటు ఖాయమయ్యాక బిగించండి. రాతి స్తంభానికైతే కంతలు పెట్టే బదులు జీఐ క్లాంపు వేయడం సులువు. కదిలే దేనికీ, అంటే గేటు తలుపుకీ చెట్టు కొమ్మకీ బిగించొద్దు, సెన్సర్ కదిలితే దానికి లోకమంతా కదిలినట్టే. ఇనప స్తంభానికి ఆనించి పెడితే సిగ్నల్ తగ్గుతుంది, మధ్యలో ఒక చెక్క ముక్క పెట్టి కాస్త ఎడం చేయండి. యాంటెనా ఉంటే నిలువుగా ఉంచండి, రిసీవర్‌ది కూడా నిలువుగానే. ఎవరికీ సులువుగా కనపడకుండా చూసుకోండి, కనపడితే ముందు పోయేది అదే.

మన తోటల్లో సెన్సర్‌కి పెద్ద శత్రువు వాన కాదు, చీమలు. సెల్లుల గదిలో పొడిగా వెచ్చగా ఉంటుంది కదా, సన్న సందు దొరికితే చాలు, మూత తీసేసరికి లోపల తెల్లటి గుడ్ల కుప్ప, దాని మీద ఎర్రచీమలు, స్ప్రింగులకు పచ్చటి తుప్పు. మూత అంచుకు సన్నగా సిలికాన్ రాయండి, కింద నీళ్లు పోయే రంధ్రం ఉంటే దాన్ని మాత్రం మూయొద్దు. స్తంభం చుట్టూ రెండు వేళ్ల వెడల్పున గ్రీజు పట్టీ పూస్తే చీమలు ఎక్కవు, వానాకాలం పోయాక మళ్లీ పూయాలి. లెన్స్ మీద సాలెగూడు, గొట్టంలో మట్టి గూడు కట్టే కందిరీగలు, రాత్రి లైటుకి వచ్చే పురుగుల కోసం లెన్స్ మీద పాకే బల్లి, ఇవన్నీ ఊరికే మోగడానికి కారణాలే. కాబట్టి సెన్సర్ పక్కనే లైటు పెట్టకండి, లైటు కాస్త దూరంగా ఉండాలి. కోతులున్న ఊరైతే చుట్టూ వెల్డ్‌మెష్ ముక్కతో చిన్న పంజరం చేసి, లెన్స్ ముందు మాత్రం ఖాళీ వదలండి. లేకపోతే పీక్కుపోతాయి.

సెల్లులు మంచివి వేయండి. ఎండలో ఉండే డబ్బాలో నాసిరకం పెన్సిల్ సెల్లులు కారిపోతాయి, లిథియం రకం దొరికితే వేడిని బాగా తట్టుకుంటాయి. సెల్లు ఎన్నాళ్లు వస్తుందన్నది అది ఎన్నిసార్లు మోగిందన్న దాని మీద ఉంటుంది, అందుకని అనవసరంగా మోగడం తగ్గిస్తే సెల్లులూ మిగులుతాయి.

ఇంట్లో రిసీవర్

గేటు వైపున్న కిటికీ దగ్గర, ఎత్తుగా పెట్టండి. ఇనప బీరువా మీద, ఫ్రిజ్ పక్కన, టీవీ వెనక, ఇన్వర్టర్ దగ్గర వద్దు. అక్కడా ఇక్కడా పెట్టి నడక పరీక్ష చేస్తే ఒక అడుగు జరిపినా ఎంత తేడా వస్తుందో మీకే తెలుస్తుంది.

ట్యూన్ విషయంలో ఒక మనవి. పెద్ద వయసులో ముందు తగ్గేది సన్నటి, కీచు శబ్దాలు వినే శక్తి. మనకు చెవులు చిల్లులు పడేలా వినపడే కీచు బెల్లు అమ్మకు పక్క గదిలోకి వినపడకపోవచ్చు. గంట మోగినట్టు కాస్త లావు శబ్దం ఉన్న ట్యూన్ పెట్టి, తలుపులు వేసి, కూలర్ వేసి, వాళ్లను మంచం మీద పడుకోబెట్టి అడగండి, ‘వినపడిందా అమ్మా’ అని. వాళ్లు అవునన్నదే లెక్క. వినికిడి మరీ తక్కువైతే లైటు కూడా వెలిగే రిసీవర్ తీసుకుని పడకగదిలో రెండోది పెట్టండి.

కరెంటు పోతే రిసీవర్ పోతుంది, దొంగకు కావలసింది చీకటే. ఇన్వర్టర్ లైనులో ఉన్న ప్లగ్గుకి పెట్టండి. ఇన్వర్టర్ లేకపోతే లోపల సెల్లులు కూడా వేసుకునే రకం కొనండి, లేదంటే వైఫై రౌటర్లకు వాడే చిన్న యూపీఎస్ పెట్టండి, వోల్టేజ్ సరిపోయేది చూసుకుని. మామూలు పవర్ బ్యాంక్ మీద ఆధారపడొద్దు, రిసీవర్ లాగే కరెంటు మరీ తక్కువ కాబట్టి ఏమీ తగిలించలేదనుకుని చాలా పవర్ బ్యాంకులు కాసేపటికి వాటంతట అవే ఆగిపోతాయి.

సెన్సర్లు రెండుంటే రెండింటికీ వేరు వేరు ట్యూన్లు పెట్టండి. గేటుకి ఒకటి, మోటారు షెడ్డుకి ఒకటి. బోరు మోటారు కేబుళ్లు, స్టార్టర్లు కోసుకుపోయే బాధ లేని ఊరు లేదిప్పుడు. నిద్రలో కూడా ఏ వైపు మోగిందో తెలియాలి.

మోగినప్పుడు ఏం చేయాలి

ఇది ఇంట్లోవాళ్లందరితో కూర్చుని మాట్లాడుకోవాలి. రాత్రి మోగితే తలుపు తీయకూడదు. బయటి లైటు లోపలి స్విచ్‌తో వేయాలి, అందుకని బాట వైపు ఒక ఫ్లడ్‌లైటు, దాని స్విచ్ మంచం దగ్గర ఉండేలా ఎలక్ట్రీషియన్‌తో ముందే చేయించండి. సగం మంది ఆ వెలుతురుకే వెనక్కి పోతారు. తర్వాత కిటికీలోంచి చూడాలి, పక్క తోట వాళ్లకు ఫోన్ చేయాలి, అవసరమైతే 112. చేతికర్ర పట్టుకుని టార్చితో బాట మీదికి నడిచే నాన్నలు మనకు చాలామంది ఉన్నారు, వాళ్లకు ఈ ఒక్క మాట గట్టిగా, మళ్లీ మళ్లీ చెప్పండి. ఉద్దానంలో జీడితోటల మధ్య ఉండేవాళ్లకు వచ్చింది ఎలుగుబంటి కూడా కావచ్చు, చిత్తూరు వైపో పార్వతీపురం మన్యం వైపో అయితే ఏనుగు కావచ్చు, అలాంటి చోట అలారం మోగడమంటే లోపలే ఉండమని అర్థం.

అడవి పందుల కోసమో దొంగల కోసమో కంచెకు కరెంటు ఇచ్చే పని మాత్రం ఎవరూ చేయకండి. మెయిన్ లైను నుంచి తీగ లాగి మనుషులు చనిపోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం, చనిపోయేది చాలాసార్లు ఆ ఊరి రైతో కూలీనో. అది నేరం కూడా.

ఆ తర్వాత చేయాల్సింది తక్కువే. నెలకోసారి బాట మీద నడిచి మోగిందో లేదో చూడాలి, తడిగుడ్డతో లెన్స్ తుడవాలి. తొలకరి పడ్డాక వయ్యారిభామ, గడ్డి సెన్సర్ ఎత్తుకి లేస్తాయి, అవి కొట్టించాలి. సెల్లులు మార్చిన తేదీ డబ్బా లోపలే పెన్నుతో రాసుకోండి.

ఇల్లు తాళం వేసి ఊరెళ్తే ఈ అలారం ఏమీ చేయలేదు, వినేవాళ్లుండాలి కదా. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లకు పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్ ఉంది, ఊరెళ్లే సంగతి ముందుగా తెలియజేస్తే తాళం వేసిన ఇంట్లో కెమెరా పెట్టే ఏర్పాటు అది. మీ స్టేషన్‌లో అడిగి చూడండి. నెలా రెండు నెలలు ఎవరూ ఉండకపోతే సెన్సర్‌లోని సెల్లులు తీసేసి వెళ్లండి, వాడకుండా ఎండలో వదిలేస్తే కారి స్ప్రింగులు తినేస్తాయి.